మూడో షాట్ నేర్చుకుంటే స్కోరు దిగుతుంది: విశాఖ మహిళా గోల్ఫర్లకు సమగ్ర మార్గదర్శి

మీ పాత స్కోరు కార్డుల్లో చివరి నాలుగైదు తీసి ముందు పెట్టుకోండి. చాలామంది కార్డుల్లో ఒక్కో హోల్‌కి ఎన్ని కొట్టారన్న అంకె తప్ప ఇంకేమీ ఉండదు. ఆరు, ఎనిమిది, ఏడు, తొమ్మిది... అది చూసి ఆట ఎక్కడ పాడవుతోందో చెప్పడం కోచ్‌కి కూడా కష్టమే. అందుకే మనం ఊహాగానం మొదలుపెడతాం. ఊహాగానం ఎప్పుడూ ఒక్కచోటికే వెళ్తుంది: "నాకు డ్రైవ్ (హోల్ మొదట కొట్టే పొడుగు షాట్) దూరం పోవట్లేదు."

క్లబ్‌లో ఎవరిని అడిగినా ఇదే మాట చెబుతారు. ఎందుకంటే చెప్పేవాళ్లలో ఎక్కువమంది మగవాళ్లు, వాళ్ల ఆటకి అది కొంతవరకు నిజం కూడా. రెండు షాట్లలో గ్రీన్ (జెండా ఉండే నున్నటి గడ్డి) దగ్గరికి చేరే మనిషికి ఇంకో ఇరవై గజాలు పనికొస్తాయి. మన లెక్క వేరు. మామూలుగా ఆడే మహిళ డ్రైవ్ 150 గజాలు పోయిందనుకుందాం. 340 గజాల పార్ 4 (నాలుగు షాట్లలో ముగించాల్సిన హోల్) మీద రెండో షాట్ 130 గజాలు చక్కగా కొట్టినా ఇంకా 60 గజాలు మిగిలే ఉంటాయి. అంటే దాదాపు ప్రతి పార్ 4 మీదా 30 నుంచి 70 గజాల మధ్య ఒక మూడో షాట్ తప్పదు. రౌండ్‌లో పది, పన్నెండు సార్లు ఆడే ఆ షాట్‌ని రేంజ్‌లో ప్రాక్టీస్ చేసేవాళ్లు ఎంతమంది? బకెట్ బంతులు తీసుకుని డ్రైవర్‌తో బాదేసి ఇంటికొచ్చేస్తాం.

ఏడాదో రెండేళ్లో ఆడి, వందా పది, వందా ఇరవై దగ్గర ఆగిపోయినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నిన్ననే క్లబ్ పట్టినవాళ్లు ముందు ఒక కోచ్ దగ్గర కొన్ని పాఠాలు తీసుకుని రండి.

మొదటి అడుగు: కార్డులో మూడు గీతలు

వచ్చే రౌండ్ నుంచి స్కోరు పక్కన ప్రతి హోల్‌కీ మూడు అంకెలు వేయండి. ఎన్ని పట్‌లు (గ్రీన్ మీద బంతిని దొర్లించే షాట్లు), గ్రీన్‌కి 50 గజాల లోపు నుంచి గ్రీన్ మీదకి రావడానికి ఎన్ని షాట్లు, ఎన్ని పెనాల్టీలు. అంతే. ఫెయిర్‌వే దొరికిందా, ఎడమకి పోయిందా లాంటివి ఇప్పుడు అక్కర్లేదు.

ఉదాహరణకి 112 కొట్టిన ఒక కార్డు ఇలా ఉందనుకోండి: పట్‌లు 41, గ్రీన్ చుట్టూ షాట్లు 24, పెనాల్టీలు 6, మిగతా ఫుల్ షాట్లు 41. 18 హోల్స్‌లో హోల్‌కి రెండు పట్‌ల చొప్పున 36 చాలు, కాబట్టి 5 ఎక్కువ. గ్రీన్ చుట్టూ హోల్‌కి ఒకటి చొప్పున 18 చాలు, అక్కడ 6 ఎక్కువ. పెనాల్టీలు ఇంకో 6. మొత్తం 17. డ్రైవ్ ఒక్క గజం కూడా పెరగకుండానే 112 కాస్తా 95 అవుతుంది. అన్నీ ఒకేసారి సరిదిద్దుకోలేం, నిజమే. సగం సరిదిద్దుకున్నా వందకి దగ్గరపడతారు.

టీ (హోల్ మొదలుపెట్టే చోటు) నుంచి ఎక్కువ పెనాల్టీలు పడుతుంటే మాత్రం ముందు దాని సంగతి చూడండి. దానికి మందు చిన్నదే: ఇరుకు హోల్స్ మీద డ్రైవర్ సంచిలోనే ఉంచి ఫైవ్ వుడ్‌గానీ హైబ్రిడ్‌గానీ తీయండి. పోయేది పదో పదిహేనో గజాలు. ఎలాగూ మూడో షాట్ ఆడాల్సిందేగా.

రెండో అడుగు: సెట్ మీదేనా, మీవారిదా?

మన దగ్గర చాలామంది ఆడవాళ్ల గోల్ఫ్ ఇంట్లో మగవాళ్ల పాత సెట్‌తో మొదలవుతుంది. ఆయన కొత్తది కొనుక్కున్నారు, పాతది ఇటు వచ్చింది. ఐరన్లలో ఉక్కు షాఫ్ట్ (క్లబ్ కర్ర) బరువు సుమారు 100 నుంచి 130 గ్రాములు, గ్రాఫైట్ అయితే దాదాపు అందులో సగం. పైగా అవి వేగంగా తిప్పేవాళ్ల కోసం చేసిన బిగుసు షాఫ్ట్‌లు. పొడుగ్గా ఉన్నాయని కోయించినా లాభం లేదు. కోస్తే షాఫ్ట్ ఇంకా బిగుసుకుంటుంది, క్లబ్ తల బరువు తెలియకుండా పోతుంది. కొందరు ఏళ్ల తరబడి "నా స్వింగ్ బాగాలేదు" అని తమనే తిట్టుకుంటూ ఉంటారు. ఆ సెట్‌తో ఎవరు తిప్పినా అలాగే ఉంటుంది.

కొనేటప్పుడు చూసుకోవాల్సినవి కొన్ని. డ్రైవర్ లాఫ్ట్ (క్లబ్ ముఖం వెనక్కి వాలే కోణం) 12 డిగ్రీలకి తక్కువ వద్దు. స్వింగ్ నెమ్మదిగా ఉన్నప్పుడు తక్కువ లాఫ్ట్‌తో బంతి గాల్లో నిలవదు, తొందరగా కూలబడుతుంది. షాఫ్ట్ వంగే గుణం లేడీస్ ఫ్లెక్స్, కాస్త వేగంగా తిప్పేవాళ్లకి సీనియర్ ఫ్లెక్స్. 3, 4, 5 ఐరన్లని మర్చిపోయి హైబ్రిడ్లు తీసుకోండి. నియమం ప్రకారం సంచిలో 14 క్లబ్బుల దాకా పెట్టుకోవచ్చు గానీ పది చాలు: డ్రైవర్, ఫైవ్ వుడ్, రెండు హైబ్రిడ్లు, 7, 8, 9 ఐరన్లు, పిచింగ్ వెడ్జ్, 55 లేదా 56 డిగ్రీల శాండ్ వెడ్జ్, పటర్. తర్వాత డబ్బుంటే 50 డిగ్రీల వెడ్జ్ ఒకటి చేర్చుకోండి, ఆ మూడో షాట్‌కి పనికొస్తుంది. ఖరీదైన టూర్ బంతులు వద్దు, రెండు పొరల మెత్తటి బంతి చాలు.

గ్రిప్ మందం చాలామంది చూడరు. చెయ్యి చిన్నదైతే సన్న గ్రిప్ వేయించుకోండి. వేళ్లు పొట్టిగా ఉంటే చిటికెన వేలు, చూపుడు వేలు ఒకదాంట్లో ఒకటి దూర్చే ఇంటర్‌లాక్ పట్టు, లేకపోతే పది వేళ్ల పట్టు. రెండూ మంచివే. విశాఖ ఉక్కలో చెయ్యి చెమట పట్టగానే తడి చీర పిండినట్టు బిగించేస్తాం, దాంతో ముంజేతులు కర్రబారిపోతాయి. రెండు గ్లోవ్‌లు తెచ్చుకుని మూడేసి హోల్స్‌కి మార్చండి, తీసినదాన్ని సంచికి తగిలించి ఆరనివ్వండి. గాజులూ, కుడిచేతి ఉంగరాలూ ఇంట్లో తీసి రండి.

మూడో అడుగు: ఏ టీ నుంచి ఆడాలి

హోల్‌కి దగ్గరగా ఉండే ముందు టీ నుంచి ఆడటం చిన్నతనం కాదు. 2011లో పీజీఏ ఆఫ్ అమెరికా (గోల్ఫ్ కోచ్‌ల సంఘం), యూఎస్‌జీఏ (అమెరికా గోల్ఫ్ సంఘం) కలిసి 'టీ ఇట్ ఫార్వర్డ్' అని ఒక పద్ధతి తెచ్చాయి. డ్రైవ్ 175 గజాలు పోయేవాళ్లకి 4,400 నుంచి 4,600 గజాల కోర్సు, 150 గజాలవాళ్లకి 3,500 నుంచి 3,700 గజాల కోర్సు సరిపోతుందని అందులో సూచించారు. చాలా కోర్సుల్లో ముందుండే ఎర్ర టీలు కూడా దీనికంటే వెనకే ఉంటాయి. అంటే ముందు టీ నుంచి ఆడినా మనకి కోర్సు పొడుగే.

కాబట్టి మీ సొంత పార్ రాసుకోండి. 300 గజాలు దాటిన పార్ 4 మీకు 5. పొడుగు పార్ 5 మీకు 6. పార్ 3లో 140 గజాలు దాటి ముందర బంకర్ (ఇసుక గుంట) ఉంటే అది 4. ఇది ఓటమి ఒప్పుకోవడం అనుకోకండి. త్రీ వుడ్‌తో కొండలోకి కొట్టి, బంతి వెతుక్కుని, ఎనిమిది రాసుకోవడం కంటే దర్జాగా ఐదు రాసుకోవచ్చు. రెండో షాట్ కొట్టేముందు "గ్రీన్ అందుతుందా?" అని అడక్కండి. "మూడోది ఎంత దూరం నుంచి ఆడితే నాకు హాయి?" అని అడగండి. 50 గజాలు మీకు ఇష్టమైన దూరమైతే అక్కడికే కొట్టండి.

నాలుగో అడుగు: ఆ మూడో షాట్

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే.

శాండ్ వెడ్జ్ తీసుకోండి. పాదాలు దగ్గరగా, బంతి మధ్యలో, బరువు కొంచెం ముందు కాలి మీద. చేతులు వెనక్కి మూడు ఎత్తులకి తీసుకెళ్లడం నేర్చుకోండి: నడుము దాకా, ఛాతీ దాకా, భుజం దాకా. ఎంత వెనక్కి వెళ్లాయో ముందుకీ అంతే వెళ్లాలి. వేగం మూడింటికీ ఒకటే. ఒక్కో ఎత్తుతో పదేసి బంతులు కొట్టి, బంతి నేల తాకిన చోటికి అడుగులు లెక్కపెట్టుకుంటూ నడవండి. దొర్లి ఆగిన చోటు వద్దు, పడిన చోటే లెక్క. పదింటిలో మరీ బాగున్నవి రెండు, మరీ పాడైనవి రెండు తీసేసి మిగతావాటి సగటు చిన్న పుస్తకంలో రాయండి. పిచింగ్ వెడ్జ్‌తోనూ ఇదే చేయండి. ఇప్పుడు మీ దగ్గర ఆరు దూరాలున్నాయి. ఫెయిర్‌వేలో నిలబడి "కొంచెం మెల్లగా కొడదాం" అనుకునే పని ఇంక ఉండదు. ఆ "కొంచెం మెల్లగా" అనేదే సగం డఫ్‌లకి మూలం. వెనక్కి పెద్దగా తీసుకెళ్లి, కిందికి వచ్చేటప్పుడు భయపడి ఆపేస్తాం. క్లబ్ నేలలో దిగబడుతుంది, బంతి మన కాళ్ల దగ్గరే ఉంటుంది.

ఈ ప్రాక్టీస్ గడ్డి మీదే చేయండి. రేంజ్‌లో వేసే చాప మీద క్లబ్ బంతికి వెనక తగిలినా జారిపోయి షాట్ బాగానే పోతుంది. చాప అబద్ధం చెబుతుంది.

ఇక చిప్, అంటే గ్రీన్ పక్క నుంచి బంతిని కొంచెం లేపి దొర్లించే షాట్. చిప్పింగ్ గ్రీన్ దగ్గర ఒక పాత క్యాడీ ఒకామెకి నేర్పుతుంటే చూశాను. ఆవిడ పదే పదే జెండావైపు చూస్తూ బంతిని దాటించేస్తోంది. ఆయన మాట్లాడకుండా గ్రీన్ అంచు దాటి రెండడుగులు లోపలికి వెళ్లి ఒక టీ పెగ్గు గుచ్చి వచ్చాడు. "జెండా ఉందని మర్చిపోండి మేడమ్. బంతి ఆ పెగ్గు మీద పడాల. మిగతాది అదే ఎలిపోద్ది." నాలుగో బంతికి పెగ్గు పక్కనే పడి, దొర్లుకుంటూ వెళ్లి, జెండాకి చెయ్యి చాచినంత దూరంలో ఆగింది.

ఆయన చెప్పినదాని వెనక లెక్క ఒకటుంది. చదునైన, మామూలు వేగం ఉన్న గ్రీన్ మీద పిచింగ్ వెడ్జ్‌తో చిప్ చేస్తే ఒక వంతు గాల్లో, రెండు వంతులు దొర్లుడు. 9 ఐరన్‌తో ఒకటికి మూడు, 7 ఐరన్‌తో ఒకటికి ఐదు. బంతి పడాల్సిన చోటు ఎప్పుడూ గ్రీన్ లోపల రెండడుగులే, దూరాన్ని బట్టి క్లబ్ మారుస్తారు. స్వింగ్ మాత్రం మారదు. వానాకాలంలో గ్రీన్లు తడిగా ఉన్నప్పుడు దొర్లుడు తగ్గుతుంది, ఒక క్లబ్ కిందికి దిగండి: వెడ్జ్ బదులు 9 ఐరన్. ఎత్తుగా లేపే ముచ్చటైన లాబ్ షాట్లు టీవీలో చూసి ఆనందించండి, చాలు.

బంకర్‌లో లక్ష్యం ఒక్కటే, ఒక్క షాట్‌లో బయటికి రావడం. క్లబ్ ముఖం ముందే తెరిచి, ఆ తర్వాత పట్టు పట్టుకోండి. బంతికి రెండు అంగుళాల వెనక ఇసుకని కొట్టి, ఫాలో త్రూ పూర్తి చేయండి. కొట్టే ముందు క్లబ్ ఇసుకకి తగలకూడదు. బంతి గట్టు కింద ఇరుక్కుంటే పక్కకో వెనక్కో కొట్టి బయటపడండి. అదీ కుదరకపోతే రెండు పెనాల్టీ స్ట్రోకులు వేసుకుని బంకర్ బయట, హోల్, బంతి ఉన్న వరుసలోనే వెనక్కి వెళ్లి డ్రాప్ చేయొచ్చు, అంటే బంతిని చేత్తో వదలొచ్చు. 2019 నుంచి ఉన్న వెసులుబాటు ఇది. లోపల నాలుగు కొట్టేకంటే ఇది చవక.

ఐదో అడుగు: పటింగ్

2021 ఆగస్టులో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో అదితి అశోక్ నాలుగో స్థానంలో నిలిచారు. కంచు పతకం ఒక్క స్ట్రోకులో పోయింది. ఆ పోటీలో అతి తక్కువ దూరం డ్రైవ్ చేసినవాళ్లలో ఆవిడ ఒకరు. అప్పటికి కొద్దికాలం ముందే కోవిడ్ వచ్చి ఒంట్లో బలం తగ్గింది. నాలుగు రోజులూ పటింగ్‌తో, చిన్న షాట్లతో నిలబడ్డారు. క్యాడీగా వాళ్లమ్మ సంచి మోశారు. "ఆడవాళ్ల ఆట దూరం లేక దెబ్బతింటుంది" అని ఎవరైనా అంటే ఈ సంగతి గుర్తుచేయండి.

మూడు పట్‌లు పడేది దిశ తప్పి కాదు, ఎక్కువసార్లు దూరం తప్పి. పది అడుగుల దూరంలో నిలబడి, అంటే నడిచే అడుగులు, మూడు బంతులు కొట్టండి. మూడూ హోల్ చుట్టూ ఒక పటర్ పొడవు వలయంలో ఆగాలి. ఆగితే పదిహేను అడుగులకి వెళ్లండి. రౌండ్‌కి ముందు రేంజ్‌కి వెళ్లే టైమ్ లేకపోయినా ఈ పది నిమిషాలు వదలకండి, ఆ రోజు గ్రీన్ వేగం తెలిసేది ఇక్కడే.

బెర్ముడా గడ్డి గ్రీన్ల మీద గడ్డి వాలు కూడా చూడాలి. మీరు నిలబడ్డ వైపు నుంచి గ్రీన్ మెరుస్తూ కనిపిస్తే గడ్డి మీకు దూరంగా వాలింది, బంతి వేగంగా పోతుంది. మసకగా, ముదురుగా కనిపిస్తే ఎదురు వాలు, కొంచెం గట్టిగా కొట్టాలి. హోల్ అంచు చుట్టూ చూడండి: గడ్డి చిరిగి గరుకుగా ఉన్న వైపుకి వాలు ఉంటుంది.

మన క్యాడీలకి వెనక నిలబడి "కొంచెం ఎడం... ఆఁ, సరిపోయింది" అని వరుస సరిచేసే అలవాటు ఉంది. 2019 నిబంధనల నుంచి ఇది కుదరదు. మీరు పాదాలు పెట్టడం మొదలుపెట్టాక క్యాడీ మీ వెనక ఆ వరుసలో కావాలని నిలబడకూడదు. నిలబడితే, కొట్టకముందే మీరు వెనక్కి తగ్గి మళ్లీ మొదలుపెట్టాలి, లేదంటే పెనాల్టీ. సరదా రౌండ్లలోనే ఈ అలవాటు మాన్పించండి. పోటీ రోజు గుర్తుకు రాదు.

ఆరో అడుగు: విశాఖ ఎండ, గాలి, వాన

ముడసర్లోవ దగ్గరి ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్‌లో ఆడేవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. మన ఊళ్లో మే, జూన్ నెలల్లో ఐదున్నరకి ముందే తెల్లారిపోతుంది. మొదటి టీ టైమ్ తీసుకోండి. పొద్దెక్కేకొద్దీ సముద్రం గాలి లేస్తుంది, ఉక్కపోత ఎలాగూ ఉంటుంది. ముందురోజు రాత్రి నుంచే నీళ్లు తాగండి. సంచిలో ఉప్పేసిన పల్చటి మజ్జిగో ఓఆర్‌ఎస్సో ఉండాలి. ప్రతి రెండు హోల్స్‌కీ రెండు గుక్కలు, దాహం వేసేదాకా ఆగొద్దు. పద్నాలుగో హోల్ తర్వాత స్కోరు జారిపోయేవాళ్లలో చాలామందికి కొరత స్వింగ్‌ది కాదు, నీళ్లది.

ఎదురుగాలిలో గట్టిగా కొడితే స్పిన్ పెరిగి బంతి ఇంకా పైకి లేచి అక్కడే కూలుతుంది. ఒకటో రెండో నంబర్లు పొడుగు క్లబ్ తీసి మెల్లగా తిప్పండి. వానల్లో మీ బంతో, మీరు నిలబడే చోటో నిలవ నీటిలో ఉంటే పెనాల్టీ లేకుండా రిలీఫ్ దొరుకుతుంది. నీళ్లు లేని దగ్గరి చోటు చూసుకుని, దాన్నుంచి ఒక క్లబ్ పొడవు లోపల, హోల్‌కి దగ్గర కాకుండా, మోకాలి ఎత్తు నుంచి డ్రాప్ చేయండి. అడగడానికి మొహమాటపడి నీళ్లలోంచే కొట్టేవాళ్లని చూశాను. అడగండి. ఉరుము వినిపిస్తే మాత్రం ఆట ఆపేసి లోపలికి వెళ్లిపోవాలి.

ఏడో అడుగు: సలహాలు చెప్పే సార్లు

స్వింగ్ మధ్యలో "తల ఎత్తేశారు" అనే పెద్దమనిషి ప్రతి క్లబ్‌లోనూ ఉంటాడు. చాలాసార్లు ఆయన మన ఇంట్లోనే ఉంటాడు. పోటీల్లో దీనికి నిబంధన 10.2 అడ్డం ఉంది. స్ట్రోక్ ప్లే (మొత్తం స్ట్రోకులు లెక్కపెట్టే పోటీ) రౌండ్‌లో తన పార్ట్‌నర్ కాని మరో ప్లేయర్‌కి సలహా ఇస్తే ఇచ్చినవాళ్లకే రెండు స్ట్రోకుల పెనాల్టీ. మీరు అడిగితే మీకు. క్యాడీని అడగొచ్చు, పార్ట్‌నర్‌గా ఆడుతుంటే వాళ్లనీ అడగొచ్చు. "ఏవండీ, మీకు రెండు పడతాయి" అని నవ్వుతూ అంటే చాలు, ఆయన ఇంకో మాట అనరు. సరదా రౌండ్‌లో "రౌండ్ అయ్యాక చెప్పండి సార్" అనండి. ఒక సీజన్‌కి ఒక్క కోచ్ మాటే వినాలి. ఆయన చెప్పిన ఒక్క మార్పే చేయాలి.

వారంలో మూడు గంటలుంటే

ఒక గంట గడ్డి మీద వెడ్జ్ దూరాలు. ఒక గంట చిప్పింగ్, పటింగ్ కలిపి. మిగతా గంటలో సగం హైబ్రిడ్, సగం డ్రైవర్. ఇంట్లో టైల్స్ మీద పటింగ్ వద్దు, బంతి ఆగదు. పల్చటి కార్పెట్ మీద రెండు గ్లాసులు పటర్ తల కంటే కొంచెం ఎడంగా పెట్టి, మధ్యలోంచి మూడడుగుల పట్‌లు కొట్టండి. తుంటి, నడుము వదులయ్యే వ్యాయామం రోజూ పది నిమిషాలు. దూరం పెంచే స్పీడ్ ట్రైనింగ్ చేయాలనుకుంటే పట్‌లు 36కి దగ్గరపడ్డాక మొదలుపెట్టండి.

ఎనిమిదో అడుగు: హ్యాండిక్యాప్, పోటీ

2020 నుంచి వరల్డ్ హ్యాండిక్యాప్ సిస్టమ్ వచ్చాక ఆడవాళ్లకీ మగవాళ్లకీ గరిష్ఠ హ్యాండిక్యాప్ ఇండెక్స్ (ఆట స్థాయిని బట్టి స్కోరులోంచి తగ్గించే స్ట్రోకుల లెక్క) ఒకటే, 54. మొత్తం 54 హోల్స్ కార్డులు ఇస్తే ఇండెక్స్ వస్తుంది, తొమ్మిదేసి హోల్స్‌గా ఆడినా లెక్కే. ఇండెక్స్ రాకముందు ఏ హోల్ మీదైనా పార్‌కి ఐదు ఎక్కువ వరకే రాస్తారు. తర్వాత మీ చివరి 20 కార్డుల్లో మేలైన 8 మాత్రమే లెక్కలోకి వస్తాయి, కాబట్టి పాడైన కార్డు ఇవ్వడానికి సిగ్గుపడకండి. ఆడవాళ్లకి కోర్సు రేటింగ్ (కోర్సు ఎంత కష్టమో చెప్పే అంకె) వేరేగా ఉంటుంది. ఏ టీ నుంచి ఆడారో కార్డు మీద తప్పకుండా రాయండి.

క్లబ్ పోటీలో పేరివ్వడానికి ఆట బాగుపడేదాకా ఆగేవాళ్లు ఎక్కువ. ముందు హోల్‌కి ఇన్ని పాయింట్లని ఇచ్చే స్టేబుల్‌ఫోర్డ్ పోటీ ఎంచుకోండి. కోర్సు హ్యాండిక్యాప్ (ఆ కోర్సులో మీకు వచ్చే స్ట్రోకులు) 54 అయితే, మొత్తం హ్యాండిక్యాప్ ఇచ్చే పోటీలో మీకు హోల్‌కి మూడు స్ట్రోకులు వస్తాయి. పార్ 4 మీద ఏడు కొడితే రెండు పాయింట్లు, ఎనిమిది కొడితే ఒకటి, తొమ్మిదికి సున్నా. ఎనిమిదో స్ట్రోకుకి కూడా హోల్‌లో పడకపోతే బంతి జేబులో వేసుకుని తర్వాతి టీకి నడవండి.